అమ్మలూ, వాగ్దానం కార్డు సరే, ఆ ఉత్తరం మొత్తం చదివావా?

అమ్మలూ, ప్రభువు నామంలో వందనాలు.

నీ మెసేజ్ చూశాను. ఎమ్మెస్సీ అయ్యాక అమీర్‌పేటలో హాస్టల్, కోచింగ్, ఒక పరీక్ష తర్వాత ఇంకో పరీక్ష, మధ్యలో ఇంట్లో సంబంధాల గొడవ. "అందరికీ ఏదో ఒక దారి చూపించాడు పెద్దమ్మా, ఆయన ప్రణాళికలో నాకసలు చోటుందా" అని అడిగావు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి వాగ్దానంగా ఒక వచనం కార్డు తీస్తే యిర్మీయా 29:11 వచ్చిందని, ఆ కార్డు ఫోన్ కవర్ వెనక పెట్టుకున్నానని కూడా రాశావు. ఉంచుకో, తీసెయ్యమనను. కానీ ఆ వచనానికి ముందూ వెనకా ఏముందో ఎప్పుడైనా చదివావా?

అదొక ఉత్తరం. బబులోను రాజు నెబుకద్నెజరు తన దేశానికి చెరపట్టుకుపోయిన యూదులకి యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త రాసి పంపాడు. దానికి ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ఆయన రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని దేవుడి పేరు మీద చెప్పేశాడు, వినడానికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో! యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లన్నాడు. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట ఆ డెబ్బై ఏళ్ల మాట వెంటనే వస్తుంది, పదో వచనం చదివితేనే పదకొండో వచనం బరువు తెలుస్తుంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తమ ఊరు మళ్లీ చూడకుండానే పోయి ఉంటారు కదా, మరి వాళ్ల విషయంలో దేవుడు మాట తప్పినట్టా? తప్పలేదు, ఆయన ఆ మాట మొత్తం ఒక ప్రజకి ఇచ్చాడు, వాళ్ల మనవలు తిరిగొచ్చారు. ఈలోగా ఏం చెయ్యాలో కూడా అందులోనే రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అని. తమని చెరపట్టిన ఊరి కోసం ప్రార్థన! నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

కాబట్టి నీకు చెప్పేదేమిటంటే, ముందు కథ మొత్తం తెలుసుకో. వాగ్దానాలు ఒక్కొక్కటీ ఏరుకుంటూ పోతే ఎన్నేళ్లయినా తెలియదు. లూకా సువార్త ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఆపకుండా చదువు, వెంటనే అపొస్తలుల కార్యములు. తర్వాత ఆదికాండం 12కి వెళ్తే, భూమ్మీద ఉన్న వంశాలన్నీ నీవల్ల ఆశీర్వాదం పొందుతాయని అబ్రాహాముకి చెప్పిన మాట దగ్గర మన గుంటూరు జిల్లా వాళ్లం కూడా లెక్కలోకొస్తాం. ఐగుప్తు, రాజులు, చెర, సిలువ, ఖాళీ సమాధి, అన్నీ ఆ మాట వెంటే నడుస్తాయి. చివరికి ప్రకటన 21లో కొత్త యెరూషలేము పరలోకం నుంచి కిందికి దిగి వస్తుంది. మనం ఈ లోకాన్ని వదిలేసి పైకి ఎగిరిపోవడంతో కథ అయిపోతుందని చిన్నప్పటి నుంచీ విన్నావు గదా, ఒకసారి నీ కళ్లతో చదువు.

మత్తయి మొదటి అధ్యాయంలో అజోరు, ఆకీము, ఎలీహూదు అని పేర్లుంటాయి, చదివేటప్పుడు అందరం గబగబా దాటేస్తాం. వాళ్లేం చేశారో బైబిల్లో ఇంకెక్కడా ఒక్క ముక్క లేదు. బతికారు, పిల్లల్ని పెంచారు, ఆ వంశంలో యేసు పుట్టాడు.

నెహెమ్యా మూడో అధ్యాయం కూడా అంతే, చెర నుంచి తిరిగొచ్చాక యెరూషలేము గోడ మళ్లీ కట్టినవాళ్ల పేర్ల జాబితా అని ఎవరూ చదవరు. నాకు మాత్రం చాలా ఇష్టం. కంసాలులు, పరిమళద్రవ్యాలు చేసేవాళ్లు గోడ కట్టారు. షల్లూము తన కూతుళ్లతో కలిసి కట్టాడు, ఆడపిల్లలకెందుకీ పని అని ఎవరూ అన్నట్టు లేదు. ఒక అధికారి పెంటగుమ్మం బాగుచేశాడు. తెకోవ ఊరి పెద్దలు మాత్రం పనికి వంగలేదు, అదీ రాసిపెట్టారు! ఒకాయన తన గదికి ఎదురుగా ఉన్నంత మేరే కట్టాడు. 52 రోజుల్లో గోడ పూర్తయింది. నీకూ అమీర్‌పేటలో ఒక గది ఉంది. ఆ గదికి ఎదురుగా ఏముందో చూసుకో, రాత్రిళ్లు ఏడ్చే రూమ్మేటో, వంటచేసే ఆవిడ కొడుకు లెక్కలో. ఉద్యోగం వచ్చాక దేవుని పని మొదలెడతానంటే ఒప్పుకోను.

మన ఒంగోలు సంగతే చూడు. యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మాదిగ కులస్థుడు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చేనాటికే ఈయన యేసు సంగతి విని, నమ్మి, తనవాళ్లకి చెప్పుకుంటున్నాడు. చదువు లేదు, పదవి లేదు, తిరిగే కాళ్లూ మాట్లాడే నోరూ ఉన్నాయి. 1876-78 కరువులో క్లౌగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం మూడు మైళ్ల కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు, ఆ పనివాళ్ల మధ్య కూర్చుని వాక్యం చెప్పింది పేరయ్యలాంటి మనవాళ్లే. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొరగారి పేరు అందరికీ గుర్తుంది, సరే, అదలా ఉంచు. పేరయ్య ఇదంతా ముందే ప్లాన్ వేసుకుని బయల్దేరలేదు గదా.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా. నీ ఉద్యోగం ఫలానా నెలలో, పెళ్లి ఫలానా నెలలో అని ప్రవచనం చెప్పేవాళ్ల దగ్గరికి టెన్షన్ కొద్దీ వెళ్లకు, కానుక అడిగితే అసలు వెళ్లకు. వాళ్లలో హనన్యాలు చాలామంది. బాధగా ఉంటే 88వ కీర్తన చదువు, చివరిదాకా చీకటే, అయినా దాన్ని మన ప్రార్థనల పుస్తకంలోనే ఉంచారు. నువ్వూ అలా ప్రార్థన చెయ్యొచ్చు, అబద్ధపు హల్లెలూయాలు అక్కర్లేదు. యూట్యూబ్‌లో ప్రసంగాలు వింటే విను గానీ, ఆదివారం మాత్రం దగ్గర్లో ఏదో ఒక సంఘానికి వెళ్లు, ముసలివాళ్లు, అల్లరి పిల్లలు, నీకు నచ్చని పాటలు అన్నీ ఉన్న సంఘానికి. సండే స్కూల్లో మనిషి కావాలా అని పాస్టరమ్మగారిని అడుగు, ఎక్కడైనా కావాలనే అంటారు.

కోచింగ్ మానొద్దు, సంబంధాల విషయం మీ అమ్మతో నేను మాట్లాడతాను. లూకా అయ్యాక ఫోన్ చెయ్యి, రాత్రి తొమ్మిది దాటాక అయితే తీరిగ్గా ఉంటాను.

మీ పెద్దమ్మ