నీడ పోయిన దుంగలో శిలీంధ్రాలు బతుకుతాయా?

ప్రశ్న: నేను తరచూ నడిచే అడవిలో రెండేళ్ల క్రితం పెద్ద చెట్లను కొట్టివేశారు. అంతకుముందు అక్కడి పాత దుంగల మీద వరసలు వరసలుగా పుట్టగొడుగులు కనిపించేవి. ఇప్పుడా దుంగలు ఎండి, బీటలు వారి, బోసిగా ఉన్నాయి. వాటిలోని శిలీంధ్రాలు చనిపోయినట్టేనా? చెట్లు మళ్లీ పెరిగితే అవి తిరిగి వస్తాయా?

జవాబు: పుట్టగొడుగులు కనిపించనంత మాత్రాన శిలీంధ్రం చనిపోయిందని అనుకోనక్కరలేదు. మీరు చూసినవి కాయల వంటివి మాత్రమే. అసలు శరీరం సన్నని పోగుల రూపంలో కర్ర లోపల అల్లుకుని ఉంటుంది. తడి చాలనప్పుడు అది కాయడం మానుకుని, లోపల చాలాకాలం ఓపిక పట్టగలదు.

ఆ ఓపికకు హద్దును నిర్ణయించేది ముఖ్యంగా తడే. కర్రలోని నీరు దాని పొడి బరువులో సుమారు 30 శాతం కంటే తగ్గితే కుళ్లు మందగిస్తుంది, 20 శాతం కంటే తగ్గితే దాదాపు ఆగిపోతుంది. కొమ్మల పందిరి ఉన్నప్పుడు వాన నీటిలో కొంత ఆకుల మీదే నిలిచి ఆవిరవుతుంది కనుక, పందిరి పోయాక దుంగకు అందే వాన నిజానికి పెరుగుతుంది. అయితే వచ్చిన తడిని ఎండా గాలీ అంతకంటే వేగంగా లాగేస్తాయి. పగటి వేడికీ రాత్రి చలికీ మధ్య తేడా పెరుగుతుంది. బెరడు ఊడి, కర్ర పగుళ్లిస్తుంది. నిలకడగా చెమ్మ ఉండే చోటికి అలవాటుపడిన శిలీంధ్రాలకు, ముఖ్యంగా దుంగ అడుగున పల్చని పొరలా పరచుకునే అనేక జాతులకు, ఈ ఒడుదొడుకులను తట్టుకోవడం కష్టం.

ఎండను ఓర్చుకునేవీ ఉన్నాయి. స్కైజోఫిల్లం కమ్యూన్ అనే చిన్న విసనకర్ర వంటి శిలీంధ్రాన్ని దగ్గరగా చూడండి: పైన తెల్లని నూగు, అడుగున నిలువునా రెండుగా చీలిన రేకులు. ఎండ కాసినప్పుడు ఆ చీలికలు లోపలికి ముడుచుకుని, బీజాలు పుట్టే పొరను కప్పేస్తాయి. వాన పడితే మళ్లీ విచ్చుకుని బీజాలను వదులుతాయి. ఇంత చక్కని ఏర్పాటును చూసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

జర్మనీలోని బవేరియన్ ఫారెస్ట్ నేషనల్ పార్కులో బీచ్, ఫర్ అనే చెట్ల దుంగలను కొన్నిటిని నీడలో, కొన్నిటిని ఎండలో ఉంచి గమనించినప్పుడు, కర్ర ఏ చెట్టుదన్న విషయంతోపాటు పందిరి ఉందా లేదా అన్నదాన్ని బట్టి కూడా శిలీంధ్రాల కూర్పు మారినట్టు తేలింది. అందుకే ఎండలో పడి ఉన్న దుంగను పనికిరానిదని తీసివేయడం పొరపాటని నా అభిప్రాయం; అది వేరే జాతులకు ఇల్లు. కానీ అడవి మొత్తం అలాంటి దుంగలే మిగిలితే నీడజాతులకు చోటుండదు.

తిరిగి వస్తాయా అన్నది దుంగ లావును బట్టీ, చుట్టుపక్కల ఏమి మిగిలిందన్నదాన్ని బట్టీ ఉంటుంది. లావాటి దుంగ నెమ్మదిగా ఎండుతుంది కనుక, కొత్త మొక్కలు నీడనిచ్చేదాకా లోపలి పోగులు బతికే అవకాశం ఎక్కువ. సన్నని కొమ్మకు ఆ వ్యవధి దొరకదు. దుంగలో పూర్తిగా నశించినా, దగ్గరలో నీడ ఉన్న పాత అడవి మిగిలి ఉంటే అక్కడి నుంచి బీజాలు గాలిలో వచ్చి చేరగలవు. అయితే చాలా బీజాలు పుట్టిన చోటికి సమీపంలోనే రాలిపోతాయి కాబట్టి, దూరం పెరిగేకొద్దీ ఆశ తగ్గుతుంది.

ఈసారి వెళ్లినప్పుడు ఒక దుంగను కొద్దిగా ఎత్తి, నేలకు ఆనిన వైపు చూడండి. చెమ్మ, తెల్లని పోగులు కనిపిస్తే శిలీంధ్రం ఇంకా పనిలోనే ఉందన్నమాట. చూశాక ఆ దుంగను అదే వైపు నేలకు ఆనేలా తిరిగి పెట్టండి. తలకిందులైతే ఆ కాస్త తడి కూడా ఎండకు పోతుంది.