ధ్రువణమా, ధృవణమా?

సందేహం: విశ్వంలోని అయస్కాంత క్షేత్రాలను రేడియో తరంగాలతో ఎలా పసిగడతారో చెబుతూ ఒక వ్యాసం రాస్తున్నాను. పోలరైజేషన్‌ని కొందరు ‘ధృవణం’ అనీ, కొందరు ‘ధ్రువణం’ అనీ రాస్తున్నారు. ‘ధ్రువీకరణ’ కూడా కనబడింది. ఏది ఒప్పు? నేను రాసిన ‘ధ్రువ రేడియో సర్వే’, ‘ఫారడే పరిభ్రమణం’, ‘విశ్వాయస్కాంత క్షేత్రం’ సరైనవేనా?

సమాధానం: ‘ధ్రువణం’ ఒప్పు. దీనికి మూలం ‘ధ్రువ’ శబ్దం. అందులో ఉన్నవి రకారం, ఉకారం; ఋకారం కాదు. మన నోట్లో ఋ కూడా ‘రు’గానే పలుకుతుంది కనుక చెవికి తేడా తెలియదు, చెయ్యి వట్రసుడి వైపు పోతుంది. వట్రసుడిని ధృతికీ, ధృతరాష్ట్రుడికీ వదిలేయండి. ‘ధ్రువీకరణ’ వ్యాకరణానికి తప్పేమీ కాదు గానీ, ఆ మాట వింటే ఎవరికైనా సర్టిఫికెట్టే గుర్తొస్తుంది.

‘ధ్రువ రేడియో సర్వే’ అంటే ఉత్తర, దక్షిణ ధ్రువాల దగ్గర చేసిన సర్వే అనుకుంటారు. ధ్రువణం చెందినది ‘ధ్రువిత’. అప్పుడు కూడా ‘ధ్రువిత రేడియో ఆకాశ సర్వే’ అని నాలుగు మాటలు గుదిగుచ్చకుండా, ‘ధ్రువిత రేడియో తరంగాలతో ఆకాశ సర్వే’ అంటే చదవడానికి హాయిగా ఉంటుంది.

అసలు ఇక్కడ ధ్రువాలెక్కడివి? 1808లో పారిస్‌లో మాల్యుస్ అనే శాస్త్రవేత్త, కిటికీ అద్దాల మీద పడి తిరిగొస్తున్న ఎండను స్ఫటికం గుండా చూస్తూ ఈ గుణాన్ని కనిపెట్టాడు. అయస్కాంతానికి ఉన్నట్టే కాంతి కణాలకూ ధ్రువాలుంటాయని ఊహించి ఆ పేరు పెట్టాడు. తర్వాత కాంతి తరంగమని తేలింది. ధ్రువాలు పోయాయి, పేరు నిలిచింది. తరంగపు కంపనాలు ఒక దిశకు కట్టుబడి ఉండటమే ధ్రువణం. అయస్కాంతాన్ని చూసి పెట్టిన పేరు ఇప్పుడు అయస్కాంతాన్ని వెతకడానికే పనికొస్తోంది!

ఎలాగంటే, అయస్కాంత క్షేత్రం గుండా పోయే ధ్రువిత కాంతి కంపనాల దిశ తిరుగుతుందని 1845లో ఫారడే గాజు ముక్కతో చూపించాడు. నక్షత్రాల మధ్య ఉన్న ఎలక్ట్రాన్ల గుండా వచ్చే రేడియో తరంగాలకూ ఇదే జరుగుతుంది. తరంగదైర్ఘ్యం రెట్టింపైతే ఈ తిరుగుడు నాలుగింతలవుతుంది. అందుకే వేర్వేరు తరంగదైర్ఘ్యాల దగ్గర కోణాన్ని కొలిచి, దారిలోని క్షేత్రాన్ని అంచనా కడతారు. మన గెలాక్సీ క్షేత్రం భూమి క్షేత్రంలో సుమారు లక్షో వంతే, అయినా పట్టుబడుతుంది. అమెరికాలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోపు సర్వే ఆధారంగా 2009లో రేడియో తరంగాలను వెదజల్లే 37,543 మూలాలకు ఈ లెక్క కట్టారు.

ఇక్కడ తిరిగేది ధ్రువణ తలం, అంటే కంపనాలు సాగే తలం. తరంగం దేని చుట్టూ ప్రదక్షిణ చేయడం లేదు. భూమి తన చుట్టూ తాను తిరగడం భ్రమణం, సూర్యుడి చుట్టూ తిరగడం పరిభ్రమణం. కాబట్టి ‘ఫారడే భ్రమణం’ అనండి. కదలనిదనే అర్థమున్న ‘ధ్రువ’ పక్కన ‘భ్రమణం’ చేరడం విచిత్రమే గానీ, వాడుకలో ఆ ఇబ్బంది ఎవరూ పట్టించుకోరు.

‘విశ్వాయస్కాంత’ సంధి సరైనదే, కానీ విడదీసి రాయండి. కలిపి రాస్తే ‘ఆయస్కాంత’ అనే మాట ఒకటుందనుకునేవాళ్లు తయారవుతారు.