సినిమా పోస్టర్‌లా ఉంటే అది చిత్రకళ ఎలా అవుతుంది?

విజయవాడ గాంధీనగర్‌లో సినిమా పోస్టర్లు చూస్తూ పెరిగిన మీకు, గులాబీ రంగు హీరో ముఖం, వెనక సోడాసీసాల వరుస ఉన్న పటాన్ని కళాఖండం అనడం వింతగా తోచడం సహజమే.

పోస్టర్ పని హాలుకు జనాన్ని రప్పించడం. పాప్ ఆర్ట్, అంటే సినిమాలు, ప్రకటనల్లాంటి జనం బొమ్మలతో చేసే చిత్రకళ, వేసేవాడికి ఆ బేరం లేదు. జనం కళ్లకు అలవాటైన బొమ్మనే తీసుకొని, ఆ అలవాటునే వస్తువు చేసుకుంటాడు. హాలీవుడ్ తార మార్లిన్ మన్రో 1962 ఆగస్టులో చనిపోయాక అమెరికా పాప్ చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ ఆమె ప్రచార ఫొటోను సిల్క్‌స్క్రీన్ పద్ధతిలో (సన్నని గుడ్డ తెర గుండా సిరా దింపి) ఒకే పటంలో 50 సార్లు అచ్చువేశాడు. సగం ముఖాలు ముదురు రంగుల్లో, సగం నలుపుతెలుపుల్లో. ఆ నలుపుతెలుపుల్లో కొన్నిచోట్ల సిరా అలుక్కుపోయింది, చివరికి ముఖమే వెలిసిపోతుంది. తార వెలుగూ, ఆమె మరణమూ ఒకే పటంలో ఉన్నాయి. పోస్టర్ ఇంత మాట చెప్పదు.

మన దగ్గర బరోడా చిత్రకారుడు భూపేన్ ఖక్కర్ కేలెండర్ బొమ్మల శైలిని సామాన్యుల జీవితం చిత్రించడానికి వాడుకున్నారు. నాకైతే వార్‌హోల్ కన్నా ఆయనే దగ్గరివాడనిపిస్తాడు.

అయితే అభిమాన నటుడి ఫొటోకు నాలుగు రంగులు పూసి పాప్ అనేవాళ్లూ ఉన్నారు. మీరు చూసిన పటంలో ఆ సోడాసీసాలు హీరోను ఏమైనా ప్రశ్నిస్తున్నాయా, ఊరికే అలంకారమా? అది చూడండి.