ఓంగ్వెన్ కథ పంపిన యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఉగాండా తిరుగుబాటు సైన్యంలో కమాండర్‌గా ఉండిన డొమినిక్ ఓంగ్వెన్ మీద నువ్వు రాసి పంపిన కథ చదివాను. వాక్యం నీ చెప్పుచేతల్లో ఉంది, సంతోషం. కానీ హేగ్ జైలు గదిలో అతను తన చిన్ననాటి బడిసంచిని తలుచుకుని ఏడ్చే చోట నాకు కోపం వచ్చింది. ఆ కోపమే ఈ ఉత్తరం రాయిస్తున్నది.

ఉత్తర ఉగాండాలో బడికి వెళ్తున్న ఆ పిల్లవాణ్ని 1987లో లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే ఆ తిరుగుబాటు సైన్యమే ఎత్తుకుపోయిన మాట నిజమే. అతన్ని విచారించిన హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కూడా దాన్ని దాచలేదు. అతను ఎన్నో బాధలు పడ్డాడని ఒప్పుకుంటూనే, తన ముందున్నది వయసొచ్చిన కమాండర్ చేసిన నేరాల విచారణ అని 2021 ఫిబ్రవరి 4న స్పష్టంగా చెప్పి, 70 అభియోగాలలో 61 రుజువయ్యాయని తేల్చింది. ఆ బాల్యాన్ని శిక్ష దగ్గర లెక్కలోకి తీసుకుని, బాధితుల న్యాయవాదులు యావజ్జీవం కోరినా 25 ఏళ్లతో సరిపెట్టింది. న్యాయమూర్తులు అంత శ్రద్ధగా విడదీసిన నేరాన్నీ జాలినీ నువ్వు మళ్లీ కలిపేశావు.

ఇప్పటి సంపాదకులకు కావలసింది ఇదేనని నాకు తెలుసు, అప్పటివాళ్లూ అంతే. రాయలసీమ ముఠాకక్షల్లో భర్తను పోగొట్టుకుని కోర్టు వాయిదాలకు తిరిగే ఒక ఆడమనిషి కథను నేను వయసులో ఉన్నప్పుడు రాస్తే, ఆవిడలో కథేముంది, నరికినవాడు ఎందుకలా తయారయ్యాడో రాయండి అంటూ ఒక వారపత్రిక సంపాదకుడు తిప్పి పంపాడు. నేను రాయలేదు. నా కథ అచ్చుకాలేదు, ఆ పత్రికా ఎక్కువకాలం బతకలేదు.

నీ కథలో అతని గుడిసెలో ముగ్గురు అమ్మాయిలు నీళ్లు మోస్తారు, వండిపెడతారు, ఒక్క మాటైనా మాట్లాడరు. కానీ అతను బలవంతంగా తన దగ్గర ఉంచుకున్నవాళ్లలో ఏడుగురు, అసలు విచారణ మొదలుకాకముందే, 2015లోనే న్యాయమూర్తి ఎదుట సాక్ష్యం చెప్పారు. బలవంతపు గర్భధారణను నేరంగా అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు తొలిసారి నిర్ధారించిందీ ఈ కేసులోనే. అంత పని చేసిన స్త్రీలను మూగవాళ్లను చేసి, మాటలన్నీ అతనికే ఇచ్చావు.

పజులే, ఒడెక్, లుకోడి, అబోక్ పేర్లను ఒకే వాక్యంలో దాటించేశావు. అవి తిరుగుబాటుదారుల నుంచి కాపాడతామంటూ ప్రభుత్వమే ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని కుక్కిన శిబిరాలు. సొంత పొలాలకు దూరమై, సహాయంగా వచ్చే గింజల మీద బతుకుతున్న ఆ జనం మీద 2003, 2004లలో ఆ తిరుగుబాటుదారులు దాడి చేసి, చంపి, గుడిసెలు తగలబెట్టి, దోచిన తిండిని మిగిలినవాళ్ల నెత్తినే పెట్టి అడవిలోకి నడిపించారు. ఒడెక్ ఆ తిరుగుబాటు సైన్యాధినేత జోసెఫ్ కోనీ పుట్టిన ఊరు. ఆ ఒక్క సంగతిలోనే నీ కథకన్నా పెద్ద కథ ఉంది, నువ్వు దాని పక్కనుంచి వెళ్లిపోయావు.

ఏ పత్రికకు పంపాలన్న నీ ప్రశ్న ఇప్పుడు వద్దు. కథను శిక్షతో ముగించావు, అది ముగింపు కాదు. 2024 ఫిబ్రవరిలో అదే కోర్టు సుమారు 50 వేలమంది బాధితులకు తలా 750 యూరోలు ఇవ్వాలని ఆదేశించింది. ఓంగ్వెన్ దగ్గర చిల్లిగవ్వ లేదు కనుక ఆ సొమ్మును విరాళాలతో నడిచే నిధి సమకూర్చుకోవాలి. అతన్ని ఇప్పుడు శిక్ష అనుభవిస్తున్న నార్వే జైలులోనే ఉండనిచ్చి, ఆ 750 యూరోలకు తన పేరు రాయించుకోబోతున్న లుకోడి స్త్రీతో మొదలుపెట్టి, మళ్లీ రాసి పంపు.