గ్రేట్‌ఫుల్ డెడ్ ఆల్బమ్‌లు చప్పగా అనిపిస్తే

మీరు స్టూడియో ఆల్బమ్‌లతో మొదలుపెట్టడమే అమెరికన్ రాక్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ సంగీతం మీకు చప్పగా అనిపించడానికి కారణం కావచ్చు. 1968 నాటి సింగిల్‌లో మూడు నిమిషాలైనా లేని ‘డార్క్ స్టార్’ పాట, 1969లో వచ్చిన కచేరీ ఆల్బమ్ ‘లైవ్/డెడ్’లో ఇరవై నిమిషాలు దాటి సాగుతుంది.

1. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాల్‌లో జరిగిన కచేరీని ఎంచుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: షఫుల్ ఆపి, రెండవ సెట్‌ను (కచేరీలో విరామం తరువాతి భాగాన్ని) మొదటి నుంచి వరుసగా వినాలి. ఆ రాత్రి ‘స్కార్లెట్ బెగోనియాస్’ ఆగకుండానే ‘ఫైర్ ఆన్ ది మౌంటెన్’లోకి జారుకుంటుంది; అసలు సంగీతం ఆ సంధిలోనే ఉంది కాబట్టి, ట్రాకుల మధ్య ప్లేయర్ ఒక్క క్షణం ఆగినా ఆ ధార తెగిపోతుంది. ఆ విరామాన్ని తొలగించే సెట్టింగును ముందే చూసుకోండి.

3. తరువాత ‘స్కార్లెట్ బెగోనియాస్’నే వేరొక ఏడాది కచేరీలో వినండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఈ బృందం కచేరీల వేలాది రికార్డింగులు ఉన్నాయి. మొదటిసారికి సౌండ్‌బోర్డ్ రికార్డింగే (ప్రేక్షకుల మధ్య నుంచి కాక, కచేరీ మిక్సర్ నుంచి నేరుగా తీసినదే) మేలని నా అభిప్రాయం.