వెటకారం మానితే సగం పని అయినట్టే

"బ్రిడ్జి స్కూలు (చదువు మధ్యలో ఆగినవాళ్లని మళ్లీ బడిదారి పట్టించే స్కూలు) పిల్లలకి తప్పు మొహమ్మీదే చెప్పొచ్చా, చెబితే బడి మానేస్తారేమో?" అని అడిగారు. చెప్పాలండీ. వాళ్లు మానేసేది చెప్పినందుకు కాదు, నలుగురిలో చెప్పినందుకు.

మన గోదావరి జిల్లాల్లో అసలు చిక్కు వెటకారం. ఆలస్యంగా వచ్చినవాణ్ణి "ఏవండీ కలెక్టరుగారూ, ఇప్పుడా వేంచేయడం?" అంటారు. క్లాసంతా గొల్లున నవ్వుతుంది. రాత్రంతా నాన్నతో పాటు రొయ్యల చెరువు మీద ఏరియేటర్లకి (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలకి) కాపలా ఉండి, రెండు గంటలు కునుకు తీసి వచ్చినవాడికి ఆ నవ్వే వినపడుతుంది. రేపు ఏం చెయ్యాలో ఆ మాటలో ఎక్కడుంది?

పదమూడేళ్ల కుర్రాడనుకోండి. విద్యాహక్కు చట్టం (2009) సెక్షన్ 4 ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి కాబట్టి పేరు ఎనిమిదిలో ఉంటుంది, చదువు రెండో తరగతి దగ్గరే ఆగుతుంది. పైకి చదవమన్నారు, పుస్తకం విసిరికొట్టాడు. అప్పుడేం చెప్పినా తలకెక్కదు. పుస్తకం మీరే తీసి పక్కన పెట్టి పాఠం సాగించండి. ఓ పది నిమిషాలకి వాడు కుదుటపడ్డాక వరండాలోకి పిలిచి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి మూడే మాటలు: "చదవమంటే పుస్తకం విసిరావు. పక్కవాడి కంట్లో తగలబోయింది. ఈసారి చదవలేననిపిస్తే మూసి బల్ల మీద పెట్టు, తర్వాత మనిద్దరం చదువుదాం." ఆ మూడోది లేకపోతే మొదటి రెండూ తిట్లే. అక్కడితో ఆపెయ్యాలి. "ఎందుకు చేశావ్?" అని అడగొద్దు. వాడికీ తెలీదు, ఏదో అబద్ధం అల్లుతాడు, ఇక గొడవంతా ఆ అబద్ధం మీదకి పోతుంది.

మర్నాడు ముందే చూపించి ఉంచిన రెండు వాక్యాలు మాత్రం చదవమనండి. చదివినా సరే, మూసి పెట్టినా సరే, "విసరలేదు, బాగుంది" అని వాడికి మాత్రమే వినపడేలా అనండి. చాలామంది మర్చిపోయేది ఇదే. ఆలస్యం, బూతులు, హోంవర్కు అన్నీ ఒకేసారి ఏకరువు పెట్టకండి, ఒక్కటి కుదిరాకే రెండోది.

ఇంటికి పంపేయడం మాత్రం వద్దు. చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో పంపితే వాడు చెరువు గట్టు మీద తేలతాడు. కూలి డబ్బులు చేతిలో పడ్డాక బడి గుర్తుంటుందా? కోనసీమలో తల్లి గల్ఫ్‌లో, పిల్లాడు అమ్మమ్మ దగ్గర ఉండే ఇళ్లు బోలెడు. ఆ తల్లికి వాట్సాప్‌లో ఫిర్యాదు పెడితే రాత్రి ఫోన్లో ఏడుస్తుంది, తెల్లారి వీడు బడికి రాడు. మొదటి ఫోను ఏదైనా మంచి కబురు చెప్పడానికి చెయ్యండి.

అదే చట్టంలో సెక్షన్ 17 కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కలెక్టరుగారి జోకు అందులోకి వస్తుందా రాదా అని స్టాఫ్ రూముల్లో వాదించేవాళ్లున్నారు. ఆ వాదించేదేదో మానేసి జోకు మానేయొచ్చుగా!