ఊరి పేరు అచ్చులోకి ఎక్కే ముందు

చిరంజీవి భారతికి, మీ పెద్దమామయ్య దీవించి రాసేది.

నువ్వు మన ఊరి చరిత్ర రాస్తున్నావనీ, శివరాత్రి తిరునాళ్ళకి అచ్చు వేయిస్తారనీ మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే గుండెల్లో రాయి కూడా పడింది. పుస్తకంలో పడ్డ తప్పు రేపు గుడి ముందు పాలరాతి మీదకి ఎక్కుతుంది. అక్కడెక్కితే ఇక దిగదు తల్లీ.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. తహసీల్దారు ఆఫీసులో ఆర్.ఎస్.ఆర్. (ఊరి భూముల పాత సర్వే రిజిస్టరు), గ్రామ నక్షా నకళ్ళకి అర్జీ పెట్టు. గుడి మాన్యాలు, అగ్రహారాల సంగతి ఇనాం ఫెయిర్ రిజిస్టరులో చూడు. 1858లో వేసిన ఇనాం కమిషన్ విచారించి రాయించింది అది. కంపెనీ కాలంలో సర్వే అధికారిగా ఉన్న మెకంజీ దొర పోగుచేయించిన కైఫియత్తుల్లో, అంటే ఊళ్ళ వృత్తాంతాల్లో, మన ఊరిది ఉందేమో వెతుకు. కరణాలు దండకవిలెలు (తరతరాలుగా దాచుకున్న ఊరి లెక్కల పుస్తకాలు) చూసి చెప్పినవి కాబట్టి, 1800కి ముందు నూరేళ్ళ జమీందారీ పంపకాలు, శిస్తులు, చెరువులు తవ్వించినవాళ్ళ పేర్లు వాటిలో గట్టిగా ఉంటాయి. "ముక్కంటి మహారాజు అగ్రహారమిచ్చెను" అని కథల్లోని రాజు పేరు ఉన్నచోట మాత్రం, అప్పటివాళ్ళ నమ్మకం అది అని రాయి. జరిగిందని రాయకు.

ఇక అసలు సంగతి. ఊరి చరిత్ర రాసేవాళ్ళు తరతరాలుగా పడుతున్న గుంట ఒకటుంది. సంస్కృతం పేరే అసలు పేరనీ, జనం నోట నలిగి తెలుగు పేరైందనీ రాసేస్తారు. చాలాసార్లు జరిగింది దీనికి తలకిందులు. శ్లోకంలో ఇమడడానికీ, ఊరికి గౌరవంగా ఉండడానికీ పండితులు తెలుగు పేరునే సంస్కృతంలోకి మార్చారు. గుంటూరు గర్తపురి అయింది, ఓరుగల్లు ఏకశిలానగరం అయింది, ఏలూరు హేలాపురి అయింది. కందుకూరు సంగతే చూడు. స్కందపురి నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. కానీ క్రీ.శ. 848 ప్రాంతంలో తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు వేయించిన అద్దంకి శాసనంలో "కందుకూర్బెజవాడ గావించె మెచ్చి" అని ఉంది. అంటే పదకొండు వందల డెబ్భై ఏళ్ళ కిందటే అది కందుకూరు. బెజవాడ కూడా బెజవాడే. స్కందపురే ముందని ఎవరైనా అంటే, అంతకన్నా పాత రాయి చూపించమను.

అలాగని తెలుగులో తోచిన అర్థమల్లా నమ్మకు. ఘంటసాల అనగానే గంట, శాల అనిపిస్తుంది. ప్రాకృత శాసనాల్లో ఆ పేరు కంటకసెల. గ్రీకు భూగోళ రచయిత టాలెమీ కూడా దానికి దగ్గరగానే రాశాడు. గంటకీ ఆ ఊరికీ సంబంధం ఆ తరవాత చెవి కల్పించుకున్నదే. భట్టిప్రోలు, చేబ్రోలు, చందవోలు చూడు: పాత తెలుగులో ప్రోలు అంటే పట్టణం. అదే బ్రోలు, వోలు అయింది. ఆ మాట మరిచిపోయాక ఊరికొక కథ పుడుతుంది.

అందుకే అర్థం జోలికి ముందే వెళ్ళకు. ఒక దస్తాలో నాలుగు గడులు గీయి: సంవత్సరం, పేరు ఉన్నది ఉన్నట్టు, ఎక్కడ దొరికింది, ఆ రాయో కాగితమో ఇప్పుడెక్కడుంది. అన్నిటికన్నా పాతది పైన. స్పెల్లింగు దిద్దావా, చేతిలో ఉన్న సాక్ష్యం పోయినట్టే. ఒకే పేరుతో రెండూళ్ళుంటాయి. చేబ్రోలు గుంటూరు దగ్గరా ఉంది, గొల్లప్రోలు దగ్గరా ఉంది. శాసనంలోని ఊరు మనదేనా అన్నది చుట్టూ చెప్పిన ఎల్లలు, "నాడు" (అప్పటి సీమ) పేరు కలిస్తేనే ఒప్పుకో.

గుళ్ళో స్తంభం మీది శాసనం సంగతి. సుద్దతో అక్షరాలు దిద్దొద్దు, నూనె పూయొద్దు. సుద్ద పెడితే ఫోటోలో పడేది నీ ఊహే, రాయి కాదు. మంచినీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. చీకటి పడ్డాక టార్చిలైటు రాతికి దాదాపు ఆనించి, ఒకసారి ఎడమనుంచి, ఒకసారి పైనుంచి వెలుగు పెట్టు. పగలు చదునుగా కనపడే రాతిమీద అప్పుడు గాడి నీడ పడి అక్షరం లేచొస్తుంది. పక్కన స్కేలు పెట్టి, ఒక్కో ఫోటోలో ముందుదాని పావు వంతు కలిసేలా తియ్యి. పాత రాతలో ఎ-ఏ, ఒ-ఓ తేడా ఉండదు, తొందరపడి చదవకు. మైసూరులోని పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి పంపితే చదివేవాళ్ళున్నారు. శక సంవత్సరానికి 78 కలుపు, పుష్యం నడిమి నుంచి ఫాల్గుణం దాకా అయితే 79. అంకెలు మాటల్లో ఉంటే వెనకనుంచి చదవాలి: వేద, ఋతు, ఖ, ఇందు అంటే 4, 6, 0, 1. అది శక 1064, అంటే క్రీ.శ. 1142.

ఫలానా ఇంటివాళ్ళ ముత్తాతే ఊరు కట్టాడని కాగితం లేకుండా రాయకు. తిరునాళ్ళలో మొదటి తాంబూలం దగ్గరికి వస్తుంది ఆ గొడవ. నువ్వు ఆడపిల్లవి ఒక్కదానివి నలుగురి మధ్య నిలబడి జవాబు చెప్పాల్సి వస్తుందేమోనని నా భయం.

అన్నిటికన్నా ముందు, ఈ ఆదివారమే వెళ్ళు. తిరునాళ్ళ ముందు గుడికి రంగులేస్తారు. కొన్నిచోట్ల మిషను పెట్టి ఇసుక కొట్టి స్తంభాలు తెల్లగా చేస్తారు, అక్షరం అరిగిపోతుంది. పూజారిగారికీ, మేస్త్రీకీ ఆ స్తంభం చూపించి, దాన్ని మాత్రం వదిలేయమను. వచ్చేటప్పుడు గొర్రెలకాపరి తాత దగ్గర కూర్చుని చేల పేర్లు, కుంటల పేర్లు రాసుకో. రిజిస్టర్లలో నంబర్లున్నాయి కానీ ఆ పేర్లు లేవు తల్లీ. ఆయనకి ఈమధ్య ఒంట్లో బాగుండట్లేదట.

మీ పెద్దమామయ్య